పాత రేడియోల మూల: బ్యాటరీ వాల్వు సెట్లు, బాకా స్పీకర్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బ్యాటరీలతో నడిచే వాల్వు రేడియోల గురించే. వాల్వు అంటే ట్రాన్సిస్టర్‌కు ముందు కాలపు గాజు బల్బు. అందులో వేడెక్కిన ఫిలమెంట్ నుంచి ప్లేటుకు వెళ్లే కరెంటును మధ్యనున్న గ్రిడ్, స్క్రీన్ అనే జల్లెడలు అదుపు చేస్తాయి. జవాబుల్లో మూడు మాటలు పదేపదే వస్తాయి. వాల్వుల ఫిలమెంట్లను వేడి చేసే చిన్న వోల్టేజీ ఎల్‌టీ. ప్లేట్లకూ స్క్రీన్లకూ వెళ్లే పెద్ద వోల్టేజీ హెచ్‌టీ. గ్రిడ్‌ను మైనస్‌లో నిలబెట్టేది బయాస్. అమెరికా సెట్ల మీద వీటినే వరసగా ఏ, బీ, సీ అని రాస్తారు. ఈ సెట్ల పని పట్టేవాళ్లకు మల్టీమీటరులోని మిల్లీఆంపియర్ల రేంజి ప్రాణం లాంటిది. కరెంటు ఎంత తాగుతోందో కొలవకుండా స్విచ్ వేయకండి.

ప్రశ్న (తెనాలి): మా తాతగారి నాలుగు వాల్వుల పోర్టబుల్ రేడియో అటక మీద దొరికింది. వాల్వులు డీకే 91, డీఎఫ్ 91, డీఏఎఫ్ 91, డీఎల్ 92. లోపలున్న 90 వోల్టుల ప్యాక్ బ్యాటరీ ఉబ్బి కారిపోయింది. అలాంటిది ఇక దొరకదంటున్నారు. దాని బదులు ఏం పెట్టాలి?

జవాబు: ముందు కారిన చోట్లన్నీ శుభ్రం చేయండి. పాత ప్యాకుల్లోని రసం ఆమ్లం జాతిది. వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి, తర్వాత మంచినీళ్ల గుడ్డతో తుడిచి, రెండు రోజులు ఆరనివ్వండి. బ్యాటరీ ప్లగ్గులకు వెళ్లే తీగలు పచ్చబారి ఉంటే మార్చేయండి. పైన రబ్బరు బాగానే కనిపించినా లోపల రాగి పొడైపోయి ఉంటుంది.

హెచ్‌టీకి మామూలు 9 వోల్టుల చిన్న బ్యాటరీలు పది చాలు. ఒకదాని ప్లస్ గుండీ పక్కదాని మైనస్ గుండీలోకి నేరుగా దిగుతుంది కాబట్టి తీగ అక్కర్లేకుండానే గొలుసులా కూర్చవచ్చు. రెండు చివరలనూ వెంటనే టేపుతో కప్పండి, 90 వోల్టులు చేతికి గట్టిగానే తగులుతాయి. మీ సెట్టు మామూలుగా 10 నుంచి 15 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. ఆల్కలైన్ రకమైతే 35, 40 గంటలు పాడుతుంది. చవక రకంలో అందులో సగం కూడా రాదు. 67.5 వోల్టుల సెట్టు ఉన్నవాళ్లకు ఏడు బ్యాటరీలు సరిపోతాయి.

ఎల్‌టీ లెక్క ఇది: మొదటి మూడు వాల్వులకు తలా 50 మిల్లీఆంపియర్లు, డీఎల్ 92కు 100, మొత్తం 250. డి సైజు ఆల్కలైన్ సెల్లు రెండు పక్కపక్కన, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే సుమారు 60 గంటలు వస్తుంది. రెండూ ఒకేసారి కొన్నవే పెట్టండి. పాతదీ కొత్తదీ కలిపితే కొత్తది పాతదాన్ని నింపడానికే అరిగిపోతుంది. రీచార్జి సెల్లు కూడా పనికొస్తుంది. 1.25 వోల్టుల దగ్గర ఈ వాల్వులు హాయిగా పనిచేస్తాయి.

బ్యాటరీ తగిలించే ముందు ఇంకొకటి చూడాలి. కొన్ని సెట్లలో ఫిలమెంట్లు పక్కపక్కన ఉంటాయి, వాటికి 1.5 వోల్టులు. కరెంటు మీదా బ్యాటరీ మీదా రెండిటి మీదా నడిచే సెట్లలో మాత్రం ఫిలమెంట్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటికి 7.5 లేదా 9 వోల్టులు కావాలి, కరెంటు 50 మిల్లీఆంపియర్లే. వాల్వులన్నీ తీసేసి మీటరుతో చూడండి. ఫిలమెంట్ పిన్నులు 1, 7. డీఎల్ 92లో ఫిలమెంట్ మధ్య నుంచి 5వ పిన్ను కూడా వస్తుంది. ఎల్‌టీ ప్లస్ తీగ నాలుగు సాకెట్లకూ నేరుగా తగిలితే పక్కపక్కన ఉన్నట్టు.

హెచ్‌టీ మైనస్‌ను, ఎల్‌టీ మైనస్‌ను బయట కలిపేయకండి. "రెండూ మైనస్‌లే కదా" అని చాలామంది చేసే పొరపాటు ఇదే. చాలా సెట్లలో హెచ్‌టీ మైనస్‌కూ చాసిస్‌కూ (సెట్టు లోపలి లోహపు చట్రం) మధ్య 470 నుంచి 820 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఒకటి ఉంటుంది. మొత్తం కరెంటు దాంట్లోంచి వెళ్లడం వల్ల పుట్టే ఆరేడు వోల్టులే చివరి వాల్వుకు బయాస్. బయట కలిపితే ఆ రెసిస్టెన్స్ షార్ట్ అవుతుంది, బయాస్ సున్నా అవుతుంది. ధ్వని బొంగురుపోతుంది, బ్యాటరీ రెట్టింపు వేగంతో ఖాళీ అవుతుంది.

ప్రశ్న (వరంగల్): కొనుక్కొచ్చిన నాలుగు వాల్వుల సెట్టుకు 90 వోల్టులు తగిలించగానే వాల్వులు ఒక్క క్షణం తెల్లగా మెరిశాయి. ఆ తర్వాత చడీచప్పుడూ లేదు. ఏమై ఉంటుంది?

జవాబు: హెచ్‌టీ ఫిలమెంట్లలోకి వెళ్లింది. నాలుగూ మాడిపోయి ఉంటాయి. ప్లగ్గు తిరగబడిందో, తీగల రంగులు ఎవరో మధ్యలో మార్చారో, సాకెట్ దగ్గర టంకం బొట్టు రెంటినీ కలిపిందో చూడండి. ఆ కారణం దొరికేదాకా కొత్త వాల్వులు పెట్టవద్దు.

ఫిలమెంట్ ఉందో లేదో చూడటానికి డిజిటల్ మీటరే వాడండి. ముల్లు మీటర్లలో తక్కువ ఓమ్‌ల రేంజి కొన్నింట 100 మిల్లీఆంపియర్ల పైనే పంపుతుంది. లోపల 3 వోల్టులున్న రకమైతే 25 మిల్లీఆంపియర్ల డీకే 96 లాంటి వాల్వు పరీక్షలోనే పోవచ్చు. 50 మిల్లీఆంపియర్ల ఫిలమెంట్ వేడెక్కినప్పుడు 28 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు అంతకంటే చాలా తక్కువ చూపిస్తుంది. అది చూసి షార్ట్ అనుకోకండి.

ఇకమీదట పరీక్ష చేసేటప్పుడు హెచ్‌టీ తీగలో 1 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టెన్స్ ఒకటి వరసగా పెట్టండి. పూర్తిగా షార్ట్ అయినా అప్పుడు వెళ్లేది 90 మిల్లీఆంపియర్లే. పక్కపక్కనున్న నాలుగు ఫిలమెంట్లు కలిసి 250 తీసుకునేవి కాబట్టి వాటికేమీ కాదు. అయితే వాల్వులన్నీ సాకెట్లలో ఉన్నప్పుడే ఈ రక్షణ. ఒక్కటే ఉంటే ఆ 90 దాని మీదే పడుతుంది. ఫిలమెంట్లు వరసగా ఉన్న సెట్టుకు 2.2 కిలోఓమ్ పెట్టండి, 41 దాటదు. సెట్టు కుదుటపడ్డాక రెసిస్టెన్స్ తీసేసి, హెచ్‌టీ మైనస్ తీగలో 63 మిల్లీఆంపియర్ల గాజు ఫ్యూజు ఉంచండి.

వరస కూడా అలవాటు చేసుకోండి. ముందు ఎల్‌టీ ఒక్కటే ఇచ్చి సాకెట్ల దగ్గర వోల్టేజీ చూడాలి, తర్వాత హెచ్‌టీ. ఆపేటప్పుడు హెచ్‌టీ ముందు తీయాలి. హెచ్‌టీ ఉండగా వాల్వును ఊడదీయడం, దూర్చడం అసలు కూడదు.

ప్రశ్న (నెల్లూరు): మాదీ తెనాలివారి సెట్టు లాంటిదే. అరగంట బాగా పాడి, స్కేలు మీద 400 మీటర్ల వైపు స్టేషన్లు మాయమవుతాయి. 250 వైపు మాత్రం ఉంటాయి. కాసేపు ఆపితే మళ్లీ వస్తాయి.

జవాబు: డీకే 91లో ఆసిలేటర్, అంటే సెట్టు లోపలే ఒక రేడియో తరంగాన్ని పుట్టించే భాగం, ఆగిపోతోంది. ఎల్‌టీ తగ్గగానే ముందు నీరసపడేది అదే. అందులోనూ తక్కువ ఫ్రీక్వెన్సీ వైపు, అంటే పెద్ద మీటర్ల వైపు ముందు ఆగుతుంది. ఆపితే సెల్లు కాస్త తేరుకుంటుంది కనుక మళ్లీ మొదలవుతుంది. సెట్టు నడుస్తుండగా డీకే 91 పిన్నుల మీదే ఎల్‌టీ కొలవండి. సెల్లు దగ్గర 1.4 ఉండి పిన్నుల దగ్గర 1.15 ఉంటే తప్పు స్విచ్‌దీ ప్లగ్గుదీ. పావు ఆంపియర్ వెళ్లే దారిలో ఒక ఓమ్ తుప్పు చాలు, పావు వోల్టు పోతుంది. స్విచ్ కాంటాక్టులు కడిగితే చాలాసార్లు ఇంతటితో తీరిపోతుంది.

ఆసిలేటర్ నడుస్తోందో లేదో పక్కన ట్రాన్సిస్టర్ రేడియో పెట్టి తెలుసుకోవచ్చు. వాల్వు సెట్టును 738 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంచి, ట్రాన్సిస్టర్‌ను 1193 చుట్టూ మెల్లగా తిప్పండి. 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (సెట్టు లోపలి మధ్యంతర ఫ్రీక్వెన్సీ) ఉన్న సెట్టయితే ఆసిలేటర్ 738కి అంత పైన నడుస్తుంది కనుక అక్కడ గరగర తగ్గి నిశ్శబ్దంగా ఒక చోటు తగులుతుంది, దగ్గర్లో స్టేషను ఉంటే ఈల వినిపిస్తుంది. ఎల్‌టీ నిండుగా ఉన్నా అది లేకపోతే అప్పుడు వాల్వును అనుమానించండి.

ప్రశ్న (హైదరాబాద్): మాదీ అలాంటి నాలుగు వాల్వుల సెట్టే. కొత్త బ్యాటరీలు వారానికే అయిపోతున్నాయి. ధ్వని గొంతు నొక్కినట్టు వస్తోంది. హెచ్‌టీ కొలిస్తే 26 మిల్లీఆంపియర్లు. మెకానిక్ చివరి వాల్వు మార్చమన్నారు.

జవాబు: వాల్వు జోలికి ఇప్పుడే వెళ్లకండి. డీఏఎఫ్ 91 ప్లేటు నుంచి డీఎల్ 92 గ్రిడ్‌కు వెళ్లే కాగితం కండెన్సర్ లీకవుతోంది. ఆ ప్లేటు మీద 60 వోల్టులు, గ్రిడ్ రెసిస్టెన్స్ 2.2 మెగాఓమ్ అనుకోండి. కండెన్సర్ 50 మెగాఓమ్ లీకు చూపినా గ్రిడ్ మీద రెండున్నర వోల్టుల ప్లస్ చేరుతుంది. కరెంటు సెట్టులో దీన్ని ఎలాగో భరిస్తారు. ఆరేడు వోల్టుల బయాస్ మీద బతికే చిన్న వాల్వుకు మాత్రం ఇది పెద్ద దెబ్బ. మామూలు మీటరు 50 మెగాఓమ్‌ను చూపించదు, అందుకే "కండెన్సర్ బాగానే ఉంది" అంటారు. దాని గ్రిడ్ వైపు కాలు విప్పి, ఆ కాలుకూ చాసిస్‌కూ మధ్య డిజిటల్ మీటరు వోల్టుల రేంజిలో పెట్టండి. అర వోల్టు కనిపించినా మార్చేయాలి. 0.01 మైక్రోఫారడ్, 400 వోల్టుల పాలియెస్టర్ రకం వేయండి. కోఠిలోని గుజరాతీ గల్లీలో తేలిగ్గా దొరుకుతుంది.

అది మార్చాక కూడా కరెంటు ఎక్కువే ఉంటే హెచ్‌టీకి అడ్డంగా ఉన్న 8 లేదా 16 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ ఒక కాలు విప్పి మళ్లీ కొలవండి. అది నిశ్శబ్దంగా నాలుగైదు మిల్లీఆంపియర్లు తాగుతుంది. కొన్ని సెట్లలో ఆ కండెన్సర్ స్విచ్‌కు ముందే ఉంటుంది. అప్పుడు రేడియో ఆపినా బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న (న్యూజెర్సీ): 1920ల నాటి అమెరికా సెట్టు కొన్నాను. 201-ఏ వాల్వులు ఐదు, పక్కన విడిగా నల్లటి బాకా స్పీకర్. బాకా నుంచి చప్పుడే లేదు. హెడ్‌ఫోన్ పెడితే మాత్రం సన్నగా వినిపిస్తోంది.

జవాబు: హెడ్‌ఫోన్‌లో వినిపిస్తోందంటే సెట్టు బతికే ఉంది. దాని తిండి సంగతి ముందు చెబుతాం. 201-ఏ ఒక్కొక్కటికి 5 వోల్టులు, పావు ఆంపియర్. ఐదింటికీ 1.25 ఆంపియర్లు. 6 వోల్టుల సీల్డ్ లెడ్ బ్యాటరీ పెట్టి, ప్యానెల్ మీది రియోస్టాట్‌ను (తిప్పి మార్చే రెసిస్టెన్స్) పూర్తిగా తగ్గించి, వాల్వు పిన్నుల దగ్గర 5 వోల్టులు వచ్చేదాకా మెల్లగా పెంచండి. డిటెక్టర్‌కు (తరంగం నుంచి పాటను విడదీసే వాల్వు) 22.5 నుంచి 45 వోల్టులు, మిగతావాటికి 90. 90 దగ్గర బయాస్ మైనస్ 4.5. ఈ బయాస్ బ్యాటరీ లేకుండా చాలామంది సెట్టు పెట్టేసి వాల్వులను బలహీనం చేస్తారు. నీరసపడిన 201-ఏను కొంతవరకు లేపవచ్చు. హెచ్‌టీ లేకుండా ఫిలమెంట్‌కు 7 వోల్టులు గంట నుంచి రెండు గంటలు ఇస్తే లోపలి థోరియం పైకి వస్తుంది. 1.4 వోల్టుల వాల్వులకు ఈ వైద్యం చేయకండి, అవి పూత వేసిన ఫిలమెంట్లు, మాడిపోతాయి. గాజు లోపలి వెండి మెరుపు తెల్లబడి ఉంటే గాలి చేరినట్టే, ఆ వాల్వు మీద ఆశ వదులుకోవాలి.

ఇక బాకా. ఆ కాలపు బాకా అంటే నిజానికి ఒక పెద్ద హెడ్‌ఫోన్. దాని నోటికి ఇనుపరేకు, ఆ రేకు ముందు మెడ వంచిన గొట్టం. లండన్‌లో ఎస్.జి. బ్రౌన్ చేసినవాటిలో ఇనుపరేకు బదులు సన్నటి ఇనుప నాలుక, దానికి అంటించిన అల్యూమినియం శంకువు ఉండేవి. మాగ్నావాక్స్ వాళ్లది వేరే దారి. ప్రిడమ్, జెన్సెన్ 1915లో బాకాకు కదిలే కాయిల్ పెట్టారు, దాని అయస్కాంతం కోసం 6 వోల్టుల బ్యాటరీ నుంచి విడిగా కరెంటు తీసుకోవాలి. మీదానికి రెండే తీగలున్నాయంటే హెడ్‌ఫోన్ రకమే.

సెట్టు నుంచి విడదీసి మీటరు పెట్టండి. 1000 నుంచి 2000 ఓమ్‌లు రావాలి. ఏమీ రాకపోతే కాయిల్ తెగింది. అడుగు మూత తీస్తే రెండు బొబ్బిన్లు వరసగా కనిపిస్తాయి, విడివిడిగా కొలవండి. వెంట్రుకకంటే సన్నటి తీగ అది. ఇందులో ఎప్పుడూ హెచ్‌టీ ప్రవహిస్తుంది, తేమ తోడైతే రాగి పచ్చబారి కరిగిపోతుంది. అదృష్టం ఉంటే తెగేది బయటికొచ్చే చివరి దగ్గరే. భూతద్దం కింద ఒక చుట్టు విప్పి, ఎనామిల్ గీకి, యాసిడ్ లేని ఫ్లక్సుతో టంకం వేయండి. ఒక బొబ్బిన్ పూర్తిగా పోతే దాన్ని వదిలి రెండోదానితో పరీక్షించవచ్చు, ధ్వని తగ్గినా వినిపిస్తుంది.

కాయిల్ బాగుండి చప్పుడు లేకపోతే రేకుకూ అయస్కాంతానికీ మధ్య సందు తప్పింది. అడుగున లేదా పక్కన ఒక మర ఉంటుంది. అయస్కాంతాన్ని మెల్లగా దగ్గర చేస్తూ పోతే రేకు టక్కున అతుక్కుంటుంది. అక్కడి నుంచి పావు చుట్టు వెనక్కి తిప్పండి. ఆ సందు ఒక కాగితం మందం ఉంటే చాలు. ఇనుప రజను చేరి ఉంటే జిగురు టేపుతో అద్ది తీయండి. ఊదవద్దు, లోపలికి పోతుంది.

తీగల ప్లస్ మైనస్‌లు మారకూడదు. హెచ్‌టీ నుంచి ప్లేటుకు వెళ్లే కరెంటు స్పీకర్ గుండానే వెళ్తుంది. సరిగ్గా తగిలిస్తే ఆ కరెంటు అయస్కాంతానికి బలమిస్తుంది. తిరగేస్తే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దాని శక్తిని తీసేస్తుంది. పాత బాకాలు నీరసంగా పలకడానికి ఇదొక పెద్ద కారణం. ఎర్ర దారం లేదా ప్లస్ గుర్తున్న తీగ హెచ్‌టీ ప్లస్‌కు వెళ్లాలి. గుర్తులు చెరిగిపోతే ఇలా చూడండి: రేకు అతుక్కోవడానికి వెంట్రుకవాసి ముందు మరను ఆపి, 9 వోల్టుల బ్యాటరీని ఒకసారి ఇటు, ఒకసారి అటు తాకించండి. ఎటు తాకిస్తే రేకు అతుక్కుంటుందో అది సరైన దిశ.

మా సలహా అడిగితే ఆ నూరేళ్ల కాయిల్‌లోకి హెచ్‌టీని అసలు పంపకండి. చివరి వాల్వు ప్లేటుకూ హెచ్‌టీకీ మధ్య 20 హెన్రీల చోక్ పెట్టి, ప్లేటు నుంచి 2 మైక్రోఫారడ్, 250 వోల్టుల కండెన్సర్ ద్వారా స్పీకర్‌కు ఇవ్వండి, స్పీకర్ రెండో తీగ హెచ్‌టీ మైనస్‌కు. పాట మాత్రమే కాయిల్‌లోకి వెళ్తుంది, కాయిల్ తుప్పు పట్టదు, దిశ బాధ కూడా ఉండదు.

ప్రశ్న (విశాఖపట్నం): కాగితం శంకువున్న పాత స్పీకర్, వెనక గుర్రపునాడా అయస్కాంతం. పాట పెద్దదైతే గలగలమంటుంది. ఒకాయన అయస్కాంతం ఊడదీసి శుభ్రం చేద్దామన్నారు.

జవాబు: ఊడదీయనివ్వకండి. ఆ కాలపు ఉక్కు అయస్కాంతాన్ని దాని ఇనుప ముక్కుల నుంచి లాగేస్తే అప్పటికప్పుడే బలం కోల్పోతుంది. తప్పనిసరైతే ముందు రెండు కొసలనూ మెత్తటి ఇనుప పట్టీతో కలిపి, ఆ తర్వాత జరపాలి.

మీది మూవింగ్ ఐరన్ రకం. కాయిల్ కదలదు. దాని మధ్యనున్న చిన్న ఇనుప ముక్క అటూ ఇటూ ఊగి, ఒక సన్నటి కడ్డీతో శంకువును కదుపుతుంది. గలగల సాధారణంగా మూడు చోట్ల పుడుతుంది. శంకువు కొసలో కడ్డీని పట్టుకునే చిన్న మర వదులైతే గాజు పగిలినట్టు చప్పుడు. ఆ మరను వదిలించి, శంకువును దానంతట అది నిలిచే చోట నిలవనిచ్చి, మళ్లీ బిగించండి. చేత్తో నొక్కిపట్టి బిగిస్తే లోపలి ముక్క ఒక పక్కకు లాక్కుపోతుంది. రెండో చోటు ఇనుప ముక్కకు ఆసరాగా ఉన్న రబ్బరు ముక్కలు. అవి గట్టిపడితే ముక్క మధ్యలో నిలవక ఒక ధ్రువానికి తగులుతుంది. అదే కొలతలో మెత్తటి సైకిల్ ట్యూబు ముక్క కోసి పెడితే చక్కగా పనిచేస్తుంది. మూడోది కాగితం చిరుగు. పల్చటి టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో అంటించండి. మందమైన జిగురు వేస్తే శంకువు బరువెక్కి గొంతు మారిపోతుంది.

అచ్చుపోసిన జింకు చట్రం ఉబ్బి బీటలు వారి ఉంటే ఏ సర్దుబాటూ నిలవదు. ఆ లోహంలోని మలినాల వల్ల వచ్చే రోగం అది, వెనక్కి రాదు.

ఒక పాఠకుడు విడిగా అడిగారు: రైస్, కెలాగ్ 1925లోనే కదిలే కాయిల్ స్పీకర్ గురించి ప్రకటించినా బ్యాటరీ సెట్లు ఇంకా చాలాకాలం ఈ ఇనుప రకాన్నే ఎందుకు పట్టుకున్నాయని. కారణం కరెంటే. అప్పట్లో ఆ స్పీకర్‌కు అయస్కాంతం కూడా కరెంటుతోనే చేయాలి, దానికి కొన్ని వాట్లు ఎప్పుడూ కావాలి. బ్యాటరీ సెట్టు చివరి వాల్వు ఇచ్చేది పావు వాటు. పాట కంటే అయస్కాంతానికే ఎన్నో రెట్లు ఖర్చయితే ఎవరు భరిస్తారు? బలమైన శాశ్వత అయస్కాంతాలు చవకయ్యాకే బ్యాటరీ సెట్లలోకి కదిలే కాయిల్ వచ్చింది.

ప్రశ్న (గుంటూరు): డీఎల్ 92 ఉన్న సెట్టులో స్పీకరూ ట్రాన్స్‌ఫార్మరూ రెండూ లేవు. ఇప్పటి 8 ఓమ్‌ల స్పీకర్ పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు, నేరుగా కాదు. డీఎల్ 92 ప్లేటుకు 67.5 వోల్టుల దగ్గర 5,000 ఓమ్‌లు, 90 దగ్గర 8,000 ఓమ్‌ల భారం కనిపించాలి. 230 నుంచి 9 వోల్టులకు దించే 3 వాట్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. నిష్పత్తి సుమారు 25.6, దాని వర్గాన్ని 8తో గుణిస్తే 5,200 ఓమ్‌లు. 230 నుంచి 6 వోల్టులదైతే 11,700 వస్తుంది, 90 వోల్టులకు కాస్త ఎక్కువే అయినా నడుస్తుంది. 230 వైపు చుట్ట ప్లేటుకూ హెచ్‌టీకీ మధ్య, చిన్న చుట్ట స్పీకర్‌కు. స్పీకర్ వీలైనంత పెద్దది, తేలికైన కాగితంతో చేసినది తీసుకోండి. ఈ కాలపు చిన్న బరువైన స్పీకర్లకు పావు వాటు వినపడీ వినపడనట్టుంటుంది. ప్లేటు చుట్ట తెగిపోయి ఉండగా సెట్టు పెట్టకండి. ప్లేటుకు వోల్టేజీ లేకపోతే కరెంటంతా స్క్రీన్ మీద పడి వాల్వు పోతుంది.

ప్రశ్న (లెస్టర్): ఇంగ్లండ్‌లో 1930ల మొదట్లో వచ్చిన మూడు వాల్వుల సెట్టు. 2 వోల్టుల అక్యుమిలేటర్ (రీచార్జి చేసే లెడ్ బ్యాటరీ), 120 వోల్టుల హెచ్‌టీ, విడిగా 9 వోల్టుల బయాస్ బ్యాటరీ కావాలట. మొదటి వాల్వు ప్లేటు దగ్గర వోల్టేజీ సున్నా.

జవాబు: ప్లేటు దగ్గర సున్నా అంటే వాల్వుల మధ్యనున్న ట్రాన్స్‌ఫార్మర్ మొదటి చుట్ట తెగింది. ఆ తరం సెట్లలో ఇది అతి సామాన్యమైన రోగం. మంచిదైతే 500 నుంచి 2000 ఓమ్‌లు చూపాలి. తిరిగి చుట్టించేదాకా ఇలా నడపండి: తెగిన చుట్ట బదులు 47 కిలోఓమ్ రెసిస్టెన్స్, ప్లేటు నుంచి రెండో చుట్ట గ్రిడ్ కొసకు 0.01 మైక్రోఫారడ్. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే మూడు నుంచి ఐదు రెట్ల పెంపు పోతుంది కాబట్టి ధ్వని తగ్గుతుంది. పాత డబ్బా అలాగే ఉంటుంది, సెట్టు రూపం చెడదు.

ఎల్‌టీకి 2 వోల్టుల సీల్డ్ లెడ్ సెల్లు దొరికితే అంతకంటే మేలు లేదు. లేకపోతే 6 వోల్టుల నుంచి ఎల్‌ఎం 317 రెగ్యులేటర్. 240 ఓమ్‌ల పక్కన 120, 24 కలిపిన 144 పెడితే సరిగ్గా 2 వోల్టులు. మీ మూడు వాల్వులు 0.4 ఆంపియర్ తీసుకుంటే దాని మీద 1.6 వాట్ల వేడి పడుతుంది, అల్యూమినియం రేకు బిగించాలి. రెండు రీచార్జి సెల్లులకు వరసగా 1.25 ఓమ్ పెట్టే పద్ధతీ ఉంది కానీ మాకు నచ్చదు. ఒక వాల్వు కాలిపోయినా, ఊడదీసినా మిగతా రెండింటి మీద వోల్టేజీ పెరుగుతుంది.

బయాస్ బ్యాటరీ కరెంటు దాదాపు ఖర్చవదు. ఆరు పెన్సిల్ సెల్లుల పెట్టెలో ప్రతి జాయింటుకూ ఒక తీగ టంకం వేస్తే 1.5, 3, 4.5 అలా 9 దాకా మెట్లు వస్తాయి. ఏడాదికోసారి మార్చండి. హెచ్‌టీ ఉండగా బయాస్ ప్లగ్గు తీసి వేరే మెట్టులో గుచ్చవద్దు. ఆ రెండు క్షణాల్లో చివరి వాల్వుకు పగ్గం ఉండదు.

ప్రశ్న (కరీంనగర్): పెట్టె మీద వేలితో తడితే గంట మోగినట్టు మోగి, అది అంతకంతకూ పెరిగి కూతగా మారుతుంది.

జవాబు: డిటెక్టర్ వాల్వు ఫిలమెంట్ తీగలా కంపిస్తోంది. స్పీకర్ చప్పుడు మళ్లీ దాన్ని కదిపి కూతగా పెంచుతుంది. స్పీకర్‌ను సెట్టు మీద నుంచి దించి రెండడుగుల దూరంలో పెట్టండి. సెట్టులో అదే రకం వాల్వులు రెండుంటే చోట్లు మార్చి చూడండి. సాకెట్ కింద స్పాంజి ముక్క వేస్తే చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న (కాకినాడ): సెట్టు బాగైంది. ఇప్పుడు దాంట్లో ఏం వినవచ్చు? స్కేలు మీద అన్నీ మీటర్లే, కిలోహెర్ట్జ్ లేదు.

జవాబు: మూడు లక్షలను కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. హైదరాబాద్ 738 అంటే 406 మీటర్లు, విజయవాడ 837 అంటే 358, కడప 900 అంటే 333, విశాఖపట్నం 927 అంటే 324. సెట్టును తప్పుబట్టే ముందు అదే చోట జేబు ట్రాన్సిస్టర్ పెట్టి చూడండి. అందులోనూ రాకపోతే ఆ సమయానికి ప్రసారం లేనట్టే. స్టేషన్ ఉండాల్సిన చోట మాటలు లేకుండా హోరు మాత్రమే నిండుగా వినిపిస్తే అది డిజిటల్ ప్రసారం, వాల్వు సెట్టుకు అర్థం కాదు.

చీకటి పడ్డాక దూరపు స్టేషన్లు పెరుగుతాయి. మూతలో ఫ్రేమ్ ఏరియల్ ఉన్న సెట్టయితే పెట్టెనే తిప్పుతూ ధ్వని పెరిగే దిక్కు పట్టండి. విడి ఏరియల్ అయితే 10, 15 మీటర్ల తీగ ఎత్తుగా కట్టి, వాన ఉరుముల సమయంలో తప్పకుండా విప్పేయండి. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్ గరగర పుట్టిస్తాయి. బ్యాటరీ సెట్టు కరెంటు తీగలకు తగిలి ఉండదు కనుక దాన్ని డాబా మీదకు తీసుకెళ్తే ఆ గోల సగానికి పైగా పోతుంది. వీధంతా కరెంటు పోయిన రాత్రి వింటే ఆ సెట్టు అసలు సత్తా తెలుస్తుంది.